సుంగై సుమున్‌లో గేటుకు తగిలించిన కాఫీ

మలేషియా వెళ్ళినవాళ్ళందరూ కౌలాలంపూర్ జంట గోపురాల ముందు నిలబడి ఫోటో దిగుతారు. నేనూ దిగాను. తీసిన పెద్దమనిషి ఎవరో గాని గోపురాలను పూర్తిగా వదిలేసి, నన్ను సగం, నా పక్కనున్న చెత్తబుట్టను మొత్తం తీశాడు. కాబట్టి గోపురాల గురించి చెప్పడానికి నా దగ్గర ఆధారాలేమీ లేవు. ఆ తొమ్మిది రోజుల్లో ఐదుగురు మగవాళ్ళు నన్ను ప్రేమించడానికి నిరాకరించిన వైనం మాత్రం డైరీలో వివరంగా ఉంది. అదే చెబుతాను.

నేను వాల్తేరులో రైల్వే సెక్షన్ కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. రోజుకో పేజీ. వాతావరణం, తిండి, కడుపు, కలిసిన మనుషులు, అదే వరుస, ఎప్పుడూ మార్చలేదు. మా ఆవిడ విమానం ఎక్కదు. ఎక్కేవాళ్ళని చూసినా ఆమెకు కళ్ళు తిరుగుతాయి. అందుకని ఒక్కణ్ణే బయల్దేరాను.

పంపింది మా మేనకోడలు సుజాత. దాని కూతురు హారిక మూడేళ్ళ క్రితం సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని కౌలాలంపూర్ వెళ్ళింది. "ఇప్పుడేం చేస్తున్నావే అంటే బొమ్మలు అంటోంది మావయ్యా. ఏం బొమ్మలో చెప్పదు. నువ్వు వెళ్ళి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప నాకు వేరే విద్య రాదని దానికి తెలుసు.

కౌలాలంపూర్

మొదటి ఉదయం హారిక నన్ను ఇంటి కింది కొట్టుకు తీసుకెళ్ళి రోటీ చనాయ్ పెట్టించింది. మన పరోటాకి తమ్ముడు. ఒళ్ళు కాస్త పలచన, నెయ్యి ధారాళం. రెండు రింగిట్లకు ఒకటి, పక్కన పోసే పప్పుకి డబ్బు లేదు. టీ పోసే మనిషి ఒక చెంబును తల మీదికి, ఇంకొకదాన్ని మోకాలి దగ్గరికి పట్టుకుని, మధ్యలో గజం పొడుగు టీ సాగదీశాడు. చుక్క కింద పడలేదు. నేను తాగేటప్పుడు మాత్రం పడింది, చొక్కా మీద. "పర్లేదు బాస్," అన్నాడు. అక్కడ కొట్లో అడుగుపెట్టిన ప్రతివాడూ బాసే. రైల్వేలో ముప్పై ఆరేళ్ళు చేసినా నన్ను ఎవరూ ఆ మాట అనలేదు.

"తాతయ్యా, కోప్పడకుండా వింటావా?" అంది హారిక.

"కోపం రిటైర్మెంటు రోజునే సరెండర్ చేశాను. చెప్పు."

చెప్పింది. సాఫ్ట్‌వేర్ వదిలేసి ఏడాదైంది. ఇప్పుడు ఒక కామిక్స్ స్టూడియోలో పని. ఎవరో వేసిన బొమ్మల్లో మాటల బుడగలు అతికించడం. తన సొంత బొమ్మలకు మొదటి అవకాశం ఈమధ్యే వచ్చింది. ఇపో అనే ఊళ్ళో ఉండే సత్యవతి అనే ఆవిడ ఒక డేటింగ్ గేమ్ తయారుచేసింది. సముద్రం పక్కన చిన్న ఊరు. అక్కడికి ఒక అమ్మాయి పద్నాలుగు రోజుల కోసం వస్తుంది. ఊళ్ళో ఐదుగురు మగవాళ్ళు: డాక్టరు, పాటల మేష్టారు, కొబ్బరికాయల వ్యాపారి, పడవ నడిపేవాడు, కాఫీ కొట్టువాడు. వాళ్ళు ఏదైనా అడిగితే మూడు జవాబులు కనిపిస్తాయి. ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని బట్టి ఎవడో ఒకడు ప్రేమలో పడతాడు, లేదా పడడు. ఆ అమ్మాయికి ముఖం ఉండదు. ఎందుకంటే ఆమే మనం.

"ఇప్పుడా గేమ్‌ని మాంగాగా వెయ్యాలి తాతయ్యా. అంటే జపాన్ పద్ధతి బొమ్మల కథ. అందులో కూడా బాయ్స్ లవ్."

"అంటే?"

"మగవాళ్ళ మధ్య ప్రేమ. ఇక్కడ అచ్చు వెయ్యనివ్వరు. బయటి దేశాల్లో ఫోనులో చదువుకుంటారు."

"ఎవరు చదువుతారు?"

"ఎక్కువగా అమ్మాయిలే."

"మగాళ్ళ ప్రేమ అమ్మాయిలకెందుకు?"

"అందులో అమ్మాయిని ఎవరూ వంట వచ్చా అని అడగరు కాబట్టి."

ఆ జవాబు డైరీలో అలాగే రాసుకున్నాను.

అసలు చిక్కు ఇది. హారిక రెండుసార్లు కథ రాసి పంపింది. రెండూ వెనక్కి వచ్చాయి. మొదటిసారి కథానాయికను అబ్బాయిగా మార్చింది. సత్యవతి జవాబు: "ఇది అదే అమ్మాయి. మీసం పెట్టినావు, అంతే లా." రెండోసారి ఆ అబ్బాయిని బాగా ధైర్యవంతుణ్ణి చేసింది. జవాబు: "ఇప్పుడు మీసం పెద్దది సేసినావు." మూడోది కూడా నచ్చకపోతే పని పెనాంగ్‌లో ఇంకొక చిత్రకారుడికి వెళ్ళిపోతుంది, హారిక మళ్ళీ బుడగల దగ్గరికి. వారం గడువుంది.

"ఆ గేమ్ ఇలా ఇవ్వు," అన్నాను. ఏ పనైనా మొదట సెక్షన్, అంటే మన చేతికిచ్చిన లైను, చూడకుండా మాట్లాడకూడదు.

ఆ రోజే డాక్టరు చేతిలో ఓడిపోయాను. వర్షం పడుతోంది, ఇంటి దాకా దింపనా అని అడిగాడు. "వద్దు, గొడుగు ఉంది" అనే జవాబు నొక్కాను. ఉంది మరి, బొమ్మలో చేతిలోనే కనిపిస్తోంది. గేమ్‌లో పదకొండో రోజుకి అతను కిటికీలోంచి చూస్తూ "నీ మనసులో నాకు చోటు లేదు" అని వెళ్ళిపోయాడు. పాటల మేష్టారు తన పాట ఎలా ఉందన్నాడు. రెండో చరణంలో శ్రుతి తప్పిందనే జవాబు ఉంది, అదే నొక్కాను. హారిక కుర్చీలోంచి జారిపడేలా నవ్వింది.

"తాతయ్యా, అమ్మమ్మని ఎలా పెళ్ళి చేసుకున్నావు?"

"నన్నెవరూ మూడు జవాబులు ఇచ్చి అడగలేదు."

ఇపో

మూడో రోజు రైల్లో ఇపో చేరాం. బండి టైముకి బయల్దేరి టైముకి చేరింది. ముప్పై ఆరేళ్ళు టైము తప్పిన బళ్ళకు సంజాయిషీలు రాసినవాణ్ణి, నాకది కొంచెం అవమానంగానే అనిపించింది.

ఊరి చుట్టూ సున్నపురాతి కొండలు, కొండల మీద వాన. రెండు రోజులు హోటల్ గది కదల్లేదు. కింద కొట్లో ఇపో వాళ్ళు గొప్పగా చెప్పుకునే తెల్ల కాఫీ దొరుకుతుంది. చిక్కటి పాలు పోసి, చాక్లెట్ కరిగించినట్టు ఉంటుంది. కట్టించుకుంటే పలచటి ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతికి దారం లాంటి పిడి కట్టి, స్ట్రా గుచ్చి ఇస్తారు. సెలైన్ బాటిల్‌లా వేలికి తగిలించుకుని నడవాలి. నేను నడిచాను. లిఫ్టు తలుపు మూసుకునేసరికి సంచి బయట, పిడి లోపల. తుడిచిన అమ్మాయి నన్ను బాస్ అనలేదు.

ఆ రెండు రోజుల్లో మిగతా ముగ్గురి చేతుల్లో కూడా ఓడిపోయి, ఆ తర్వాత హారిక చెప్పిన జవాబులతో ఐదుగురినీ వరసగా గెలిచాను. గెలిచినా సంతోషం లేదు. కాపీ కొట్టి పాసైనట్టుంది. కాని ఊరికే ఆడలేదు. చార్టు గీశాను.

రైల్వేలో తెలియనివాళ్ళకు చెప్పాలి. కంట్రోలర్ ముందు పెద్ద గళ్ళ కాగితం ఉంటుంది. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ప్రతి బండికీ ఒక ఏటవాలు గీత. గీత బల్లపరుపుగా ఉందంటే బండి ఆగి ఉందన్నమాట. కొన్నేళ్ళు ఆ కాగితం చూస్తే ఏ బండి ఎంత వేగంగా పోతోందన్నది ముఖ్యం కాదని అర్థమవుతుంది. ఏది దేనికోసం ఆగుతోందన్నదే ముఖ్యం. కాబట్టి స్టేషన్ల చోట గేమ్‌లోని ఊరి చోట్లు రాసి, ఐదుగురికీ ఐదు రంగుల పెన్సిళ్ళు పెట్టి, ఏ పూట ఎవడెక్కడున్నాడో గీసుకుంటూ పోయాను. కథకు సంబంధం లేకుండా వెనక బొమ్మలో కనిపించినా సరే, గీశాను. వెనక బొమ్మలో ఉన్నంత మాత్రాన బండి బండి కాకుండా పోదు.

రెండో రోజు మధ్యాహ్నం హారికను పిలిచాను.

"ఇదిగో ఈ గోధుమరంగు గీత చూడు. కాఫీ కొట్టువాడు. సాయంత్రం ఐదింటికి కొట్టు వదిలి జెట్టీకి వస్తాడు. ఈ నీలం గీత పడవవాడు, ఐదుంబావుకి జెట్టీకి వస్తాడు. నువ్వు డాక్టర్ని ప్రేమించు, మేష్టార్ని ప్రేమించు, వీళ్ళకి సంబంధం లేదు. ఐదు కథలు, కథకు పద్నాలుగు సాయంత్రాలు, మొత్తం డెబ్బై. అరవై తొమ్మిది సాయంత్రాలు వీడు వాడికోసం జెట్టీలో ఆగి ఉన్నాడు."

"డెబ్బయ్యోది?"

"పడవవాడి కథలో ఆఖరి సాయంత్రం. ఆ అమ్మాయి పడవెక్కి వాడికి ఔనని చెప్పే రోజు. ఆ ఒక్క రోజు కాఫీవాడు లేడు. కాని బొమ్మలో జెట్టీ స్తంభానికి మేకుంది. మేకుకి కాఫీ సంచి వేలాడుతోంది."

హారిక టాబ్లెట్ లాక్కుని బొమ్మను పెద్దది చేసి చూసింది. గోరంత సంచి. నిజంగానే ఉంది.

"అమ్మాయిని మార్చక్కర్లేదు తాతయ్యా," అంది నెమ్మదిగా. "తీసేస్తే చాలు. కథ వెనకాలే నడుస్తోంది."

సాయంత్రం సత్యవతి వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. కత్తిరించిన జుట్టు, చేతిలో కారు తాళాలు. పుట్టింది అక్కడే. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు గుమాస్తాగా వచ్చాడట. ఆవిడ నోరు విప్పితే మా నాయనమ్మ ఊళ్ళో వినపడే మాట, చివర్లో 'లా' అని మలయ్ తోక.

"ఏటి అంకుల్, నా గేమ్ ఆడినారంట! ఎవుడు దొరికినాడు?"

"ఎవడూ దొరకలేదమ్మా."

"మీ మొకం సూస్తే తెలస్తంది లా." చార్టు చూసింది. "ఇదేటి, ఎవుడి గుండెకి ఈసీజీ తీసినారు?"

విడమర్చి చెప్పాను. మొదట నవ్వింది. "అది ఊరికే పెట్టినాను అంకుల్. ఎనకాల కాళీగా ఉంటే బాగోదని." తర్వాత ఆ డెబ్బయ్యో సాయంత్రం మీద వేలు పెట్టి, తియ్యలేదు.

"నాను సిన్నప్పుడు సెలవులకి మా మావ ఇంటికి ఎల్లీదాన్ని," అంది. "సుంగై సుమున్. సాయంత్రం ఐదైతే గేటు కాడ మేకుకి కాఫీ సంచి ఏలాడీది. 'ఆ సెంగ్' అని సీనా దేశం ఆయన, కాఫీ కొట్టు. రోజూ మోటార్ సైకిల్ మీద తెచ్చీవోడు. మావ పెళ్ళి సేసుకోలేదు, ఆ సెంగ్ కూడా సేసుకోలేదు. ఎందుకమ్మా అని అడిగితే మా అమ్మ 'కాఫీ లా, ఏటుంటాది' అన్నాది. మరింక ఎవులూ అడగలేదు."

సత్యవతి చార్టు మీంచి వేలు తీసింది.

"ఇది వొద్దు హారికా," అంది.

హారిక ముఖం చూడలేకపోయాను. "అయితే మూడోది కూడా పోయినట్టేనా అక్కా?"

"కత బాగున్నాది. అందుకే నాను ఔననలేను. ఇది నాది కాదు, మావది. నాకు తెలీకుండా దొంగిలించి గేమ్‌లో ఎట్టేసినాను." లేచి తాళాలు తీసుకుంది. "శనివారం అటేపు ఎల్తన్నాను. ఆరు పేజీలు ఏసి కాయితం మీద తే. ఆయన్నే అడుగు. నాను అడగను, నాకు సిగ్గు."

హారిక రెండు రోజులు ఆరు పేజీలు వేసింది. తెల్ల కాఫీ సంచి ఒకటి తెప్పించి, కిటికీ గడియకు తగిలించి, దాన్నే చూస్తూ వేసింది. సిరా బొమ్మలు. కాఫీ తెల్లది కదా, సంచి లోపల కాగితం తెల్లగా వదిలేసింది. చూసిచూసి సాయంత్రానికి ఆ నమూనాను నేనే తాగేశాను.

బాగన్ దాతుక్

శనివారం సత్యవతి కారులో బయల్దేరాం. ఇపో దాటాక పామాయిల్ తోటలు మొదలై, నేను రెండు కునుకులు తీసి లేచినా అవే తోటలు. సముద్రం దగ్గరపడేకొద్దీ కొబ్బరి చెట్లు. మన కోనసీమవాళ్ళని ఇక్కడికి తెస్తే పది నిమిషాలు మెచ్చుకుని, ఆ తర్వాత చెట్ల మధ్య దూరం తప్పని వాదన పెట్టుకుంటారు.

సుంగై సుమున్ దారిలోనే వచ్చింది గాని ఆగలేదు. "ఐదు గంటలకి గదా రావాల," అంది సత్యవతి. ముందు బాగన్ దాతుక్‌లో, గేమ్‌లోని జెట్టీకి మూలమైన చోటు చూపిస్తానంది. చూపించింది. గేమ్‌లో నీలం సముద్రం, గులాబీ రంగు ఆకాశం. అసలు సముద్రం మా ఇంట్లో సాయంత్రం టీ రంగులో ఉంది.

"గేమ్‌లో రంగు ఎక్కువేశావమ్మా."

"బురద రంగు ఎడితే ఎవుడు ప్రేమిస్తాడు అంకుల్?"

ఆ బురద ఎంత లోతో చూద్దామని జెట్టీ పక్కన దిగాను. నా కుడి చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. లాగడానికి వంగితే ఎడమది కూడా వెళ్ళిపోయింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు పని ఆపి, మర్యాదగా రెండో వైపు తిరిగి నవ్వుకున్నారు. దగ్గర్లో ఉన్న ఒకే ఒక కొట్లో నా కాలికి సరిపడిన చెప్పులు ఒకే ఒక జత దొరికింది. గులాబీ రంగు రబ్బరు, ముందు కుందేలు తలకాయ, చెవులు పైకి. ఎనిమిది రింగిట్లు. బేరమాడితే కొట్టు ఆవిడ నా కాళ్ళు చూసి ఏడుకి ఇచ్చింది.

రొయ్యల నూడుల్స్ తిన్నాం. బాగున్నాయి. హారిక తినలేదు. పేజీలున్న కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సుంగై సుమున్

సత్యవతి మావ అప్పలస్వామి గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా చేసి మానేశారు. రేకుల ఇల్లు, ముందు రంబుటాన్ చెట్టు, ఇనుప గేటు. గేటు స్తంభానికి మేకు. మా ముగ్గురి చూపూ ముందు దాని మీదికే వెళ్ళింది. ఆయన చూపు నా కాళ్ళ మీదికి వెళ్ళింది.

"ఏటి బాబూ, కుందేళ్ళు! మీ దేశంలో పెద్దోళ్ళకి ఇదే పేసనా?"

"మీ సముద్రం నావి ఉంచేసుకుందండీ."

"ఆఁ, అది తింటాది." నవ్వి కుర్చీలు వేశారు. సత్యవతి కూర్చోలేదు. రంబుటాన్ కాయలు పండాయో లేదో చూస్తానని చెట్టు కిందికి పోయింది. కాయలన్నీ పచ్చగా ఉన్నాయి. అయినా చాలాసేపు చూసింది.

హారిక కవరు తీసింది. "తాతగారూ, ఇది ఇద్దరు మగవాళ్ళ ప్రేమ కథ. ఒకాయన ఇంకొకాయన కోసం రోజూ కాఫీ తెచ్చి మేకుకి తగిలిస్తాడు. సత్యక్క చిన్నప్పుడు మీ గేటు దగ్గర చూసినదాంట్లోంచి పుట్టింది. మీ పేరు లేదు, ఊరి పేరు లేదు. అయినా మీరు వద్దంటే ఇప్పుడే చింపేస్తాను."

ఆయన కళ్ళద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవుడు సదువుతాడు?"

"ఎక్కువగా అమ్మాయిలు."

"అమ్మాయిలా! ఆళ్ళకేటి పని?"

నాకు కౌలాలంపూర్ జవాబు గుర్తుంది గాని, నోరు మూసుకున్నాను. ఆయన పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. ఒక్కొక్క బొమ్మా లెడ్జరు తనిఖీ చేసినట్టు చూశారు. ఆరూ అయ్యాయి. మళ్ళీ మొదటికి వచ్చి, నాలుగో పేజీ దగ్గర ఆగిపోయారు. నేను గోడ గడియారం చూశాను: నాలుగూ యాభై రెండు.

"ఇదేటమ్మా?" వేలు సంచి మీద ఉంది.

"కాఫీ సంచి తాతగారూ."

"కాఫీ తెల్లగుందేటి?"

"తెల్ల కాఫీ కదా అని..."

"అది ఇపో వోళ్ళు తాగీది. ఆడెప్పుడూ అది తేలేదు. నల్లది లా. పాలు లేవు, పంచదార సగం సెంచా. నలబై ఏళ్ళు నల్లదే తెచ్చినాడు." పేజీ హారికకు తిరిగి ఇచ్చారు. "సదివీవోళ్ళకి తప్పు సెప్పకూడదు. మార్సు."

రంబుటాన్ చెట్టు కింద సత్యవతి మాకు వీపు తిప్పి నిలబడి ఉంది. ముక్కు తుడుచుకోవడం వినబడింది.

ఐదింటికి మోటార్ సైకిల్ వచ్చింది. సన్నటి మనిషి, బట్టతల, తొడుక్కున్న చొక్కా కంటే భుజాలు చిన్నవి. దిగకుండానే సంచిని మేకుకి తగిలించి, అప్పుడు మమ్మల్ని చూశాడు. బండి తిప్పబోయాడు.

"డేయ్, వాడా ఇంగె!" అని ఎస్టేటు ఊళ్ళో అందరికీ వచ్చిన అరవంలో కేకేశారు అప్పలస్వామి గారు. వచ్చాడు. ఈయన పేజీ చూపించి, అరవంలోనే రెండు ముక్కలు చెప్పారు. ఏమన్నారో నాకు తెలియదు. ఆ సెంగ్ బొమ్మను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. బొమ్మలో కాఫీవాడికి ఇరవై ఐదేళ్ళు, నుదుటి మీద పడే జుట్టు. తన తల తడుముకుని ఏదో అన్నాడు.

"జుట్టు ఎక్కువేసినారంటన్నాడు," అన్నారు అప్పలస్వామి గారు.

"తగ్గించమంటారా?" అంది హారిక భయంగా.

ఆయన ఆ సెంగ్‌ని కాసేపు చూశారు. "ఒద్దు. అప్పుడలాగే ఉండీది."

తర్వాత మా ముగ్గురికీ కాఫీ తెమ్మని ఆ సెంగ్‌ని మళ్ళీ కొట్టుకి తోలారు. సణుక్కుంటూ వెళ్ళి తెచ్చాడు. రెండు నల్లవి, ఒకటి పాలతో. పాలది నాకు. నా చెప్పులు చూసి చిన్నపిల్లల లెక్కలో వేసినట్టున్నాడు.

తిరుగు దారి

పామాయిల్ తోటలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. హైవే ఎక్కాక సత్యవతి అద్దంలోంచి వెనక సీటు వైపు చూసింది.

"కాఫీ నల్లగా సేసి సోమవారానికి పంపు. జుట్టు ఉండనియ్యి. మిగిలిన కత అంతా నువ్వే లా."

హారిక నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది. డైరీలో ఆ పేజీ మీద గీత వంకర పోయి ఉంది, అప్పుడు రాసుకుంటున్నాను.

ఆదివారం కౌలాలంపూర్ నుంచి సుజాతకు ఫోన్ చేశాను. ఎదురుగా హారిక నాలుగో పేజీ మీద వంగి, సన్నటి కుంచెతో సంచి లోపల సిరా నింపుతోంది.

"ఏం చేస్తోంది మావయ్యా మా పిల్ల?"

ఉన్నది ఉన్నట్టు చెప్పమంది కాబట్టి, డైరీ తెరిచి మొదటి రోజు నుంచి చదివాను. సాఫ్ట్‌వేర్ వదిలేసిన సంగతి, మగవాళ్ళ ప్రేమ, అరవై తొమ్మిది సాయంత్రాలు, అన్నీ. వాతావరణం కూడా వదల్లేదు. హారిక కుంచె ఆపి నన్నే చూస్తోంది.

అంతా విని సుజాత ఒకటే అడిగింది.

"ఆ డెబ్బయ్యో సాయంత్రం కాఫీ వేలాడుతూ ఉండిపోయిందన్నావే. దాన్ని ఆ పడవవాడు తాగాడా లేదా?"

నా చార్టులో అది లేదు. ఫోను హారికకు ఇచ్చాను.